ప్రసాదంలో రవ్వ ఏ ధాన్యానిది?

గోధుమపిండిని చపాతీలకు కలిపినట్లే గట్టిగా కలపండి. అరగంట నాననిచ్చి, ఆ ముద్దను గిన్నెడు నీళ్ళలో పెట్టి మెల్లగా పిసుకుతూ కడగండి. నీళ్ళు పాలలా తెల్లబడతాయి. వాటిని పారబోసి మళ్ళీ కొత్త నీళ్ళు పోయండి. అయిదారు సార్లు ఇలా చేస్తే పిండిపదార్థమంతా కొట్టుకుపోయి, చేతిలో బూడిదరంగు బంకముద్ద ఒకటి మిగులుతుంది. లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. ఇదే ప్రయోగాన్ని బియ్యప్పిండితో చేసి చూడండి. చేతిలో ఏమీ మిగలదు.

ఆ బంకముద్ద పేరు గ్లూటెన్. లాటిన్ భాషలో ఆ మాటకు జిగురు అని అర్థం. ఇటలీలోని బొలోన్యా నగరానికి చెందిన బెక్కారీ అనే శాస్త్రవేత్త, పిండిని ఇలాగే కడిగి దీన్ని వేరుచేసిన సంగతిని 1745లో ప్రచురించాడు. గోధుమలోని కొన్ని మాంసకృత్తులు నీటితో కలిసి, ఒకదానితో ఒకటి పెనవేసుకుంటే తయారయ్యేదే గ్లూటెన్. చపాతీ చిరగకుండా పల్చగా సాగడానికీ, రొట్టె పొంగడానికీ, పరోటా పొరలుగా విడడానికీ ఈ జిగురే కారణం. చాలామందికి దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు. కొందరికి మాత్రం ఇది చిన్నప్రేగును లోపలినుంచి చదును చేసేస్తుంది. ఆ జబ్బు పేరు సీలియాక్ వ్యాధి. దానికి ఈనాటికీ మాత్ర గానీ, ఇంజక్షన్ గానీ లేదు. ఉన్న ఒకే ఒక్క చికిత్స గ్లూటెన్ లేని తిండి. అదీ జీవితాంతం.

మాత్ర అయితే నలుగురికీ తెలియకుండా మింగి నీళ్ళు తాగవచ్చు. తిండి అలా కాదు. మనం ఒంటరిగా తినేది తక్కువ. పేరంటం, పుట్టినరోజు, పండుగ, పూజ, పెళ్ళి, పక్కింటినుంచి వచ్చిన గిన్నె - వీటన్నిటిలోనూ తిండి ఉంది. అంచేత ఈ వ్యాధి ఉన్న బిడ్డకు చికిత్స చేసేది డాక్టరొక్కరే కాదు, తల్లిదండ్రులు మాత్రమే కూడా కాదు. ఆ వీధి మొత్తం చెయ్యాలి. ఇది నిజంగా సాధ్యమా అన్నది ఈ వ్యాసంలో చూద్దాం. ఉదాహరణకు కోల్‌కతాలోని ఖిదిర్‌పూర్‌ను తీసుకుందాం. ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది. దానికి ముందు అసలు ప్రేగులో ఏం జరుగుతుందో తెలుసుకోవాలి.

తువ్వాలు మీది పోగులు

టర్కీ తువ్వాలు మీద చిన్న చిన్న నూలు పోగులు నిలబడి ఉంటాయి కదా! మన చిన్నప్రేగు లోపలి గోడ సరిగ్గా అలా ఉంటుంది. ఆ పోగులను ఆంత్రచూషకాలు అంటారు. ఒక్కొక్కటి ఎత్తులో మిల్లీమీటరుకు మించదు. జీర్ణమైన ఆహారాన్ని పీల్చుకునేవి ఇవే. పాత పాఠ్యపుస్తకాలు మన ప్రేగు లోపలి వైశాల్యం టెన్నిస్ కోర్టంత అని రాసేవి. స్వీడన్ శాస్త్రవేత్తలు 2014లో మళ్ళీ కొలిచి, అది సుమారు 30 చదరపు మీటర్లు, అంటే బాడ్మింటన్ కోర్టులో సగం అని తేల్చారు. తగ్గినా తక్కువేమీ కాదు.

మనం తిన్న మాంసకృత్తులను జీర్ణరసాలలోని ఎంజైములు చిన్న చిన్న అమైనో ఆమ్లాలుగా తెంపుతాయి. గ్లూటెన్ విషయంలో ఈ పని సగంలో ఆగిపోతుంది. అందులో ప్రోలిన్, గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లాలు మరీ ఎక్కువ. ప్రోలిన్ ఉన్న చోట మన ఎంజైముల కత్తెర సరిగా పడదు. ఫలితంగా పొడవాటి తునకలు మిగిలిపోతాయి. 33 అమైనో ఆమ్లాల పొడవున్న ఒక మొండి తునకను అమెరికా పరిశోధకులు 2002లో గుర్తించారు. ఈ తునకలు మీ ప్రేగులోనూ, నా ప్రేగులోనూ మిగులుతాయి. మనకేమీ కాదు.

సీలియాక్ వ్యాధి వచ్చేవారిలో డి.క్యూ.2 లేక డి.క్యూ.8 అనే జన్యురూపం ఉంటుంది. ప్రేగు గోడలోని ట్రాన్స్‌గ్లుటమినేజ్ అనే ఎంజైము ఆ తునకలను కొద్దిగా మార్చగానే, అవి ఈ జన్యువులు తయారుచేసే అణువుల గాడిలో తాళంచెవిలా కూర్చుంటాయి. దాంతో శరీర రక్షణ వ్యవస్థ శత్రువు వచ్చాడనుకుంటుంది. తెల్ల రక్తకణాలు దాడికి దిగుతాయి, ప్రతిరక్షకాలు పుడతాయి. దెబ్బ తినేది మాత్రం సొంత ప్రేగే. పోగులు అరిగి, ఊడి, తువ్వాలు కాస్తా పాత పంచెలా చదునైపోతుంది. బిడ్డ కడుపు నిండా తింటూనే పోషణ లేక చిక్కిపోతుంది.

విరేచనాలు, పొట్ట ఉబ్బరం, ఎత్తు పెరగకపోవడం పాఠ్యపుస్తకాల్లోని లక్షణాలు. కానీ చాలామందిలో ఇవేమీ కనిపించవు. ఐరన్ మాత్రలు నెలల తరబడి మింగినా తగ్గని రక్తహీనత ఒక్కటే గుర్తు కావచ్చు. మన దేశంలో రక్తహీనత ఎంత మామూలంటే, దాని వెనుక ఇంకో జబ్బు దాక్కుంటుందని ఎవరికీ తోచదు. పట్టించుకోకుండా వదిలేస్తే ఎముకలు గుల్లబారవచ్చు, సంతానం కలగకపోవచ్చు. అరుదుగా ప్రేగులో కాన్సర్ కూడా రావచ్చు.

లండన్ వైద్యుడు శామ్యూల్ గీ 1888లోనే ఈ వ్యాధిని వర్ణించి, నయమంటూ అయితే అది ఆహారం వల్లే అవుతుందని ఊహించాడు. ఏ ఆహారమో ఆయనకు తెలియదు. అది తెలుసుకున్నవాడు నెదర్లాండ్స్‌లోని పిల్లల వైద్యుడు విల్లెమ్ డికె. రెండో ప్రపంచయుద్ధానికి ముందునుంచే ఆయనకు గోధుమ రొట్టె మీద అనుమానం ఉంది. 1944-45 శీతకాలంలో ఆ దేశంలో ఘోరమైన కరువు వచ్చింది. రొట్టె దొరకక జనం తులిప్ పూల దుంపలు కూడా తిన్నారు. దేశమంతా నీరసిస్తుంటే సీలియాక్ పిల్లలు మాత్రం తేరుకున్నారు! యుద్ధం తర్వాత డికె కొలతలు తీసి, లెక్కలు కట్టి 1950లో తన పరిశోధన గ్రంథం సమర్పించాడు. గోధుమ, బార్లీ, రై - ఈ మూడూ దోషులని ఆ తర్వాత స్పష్టమైంది. వరి, జొన్న, రాగి, సజ్జ, కొర్ర, మొక్కజొన్న, పప్పులు, పాలు, మాంసం, చేపలు నిర్దోషులు. ఓట్స్ చాలామందికి పడతాయి కానీ, గోధుమతో కలిసే కర్మాగారాల్లో ఆడిస్తారు కాబట్టి అనుమానించాల్సిందే.

అన్నం తినేవాళ్ళకు ఈ గొడవ ఎందుకు?

ఇది మీకు రావలసిన ప్రశ్నే. డాక్టర్ రామకృష్ణ, ఆయన సహచరులు మన దేశంలో మూడు ప్రాంతాల ప్రజలను పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. రక్తంలో ఈ వ్యాధి తాలూకు ప్రతిరక్షకాలు ఉత్తరాదిన నూటికి 1.23 మందిలో, ఈశాన్యంలో 0.87 మందిలో, దక్షిణాదిన 0.10 మందిలో కనిపించాయి. జన్యువుల్లో తేడా ఉందా అంటే లేదు. మూడు చోట్లా మూడో వంతు మందికి అటూ ఇటూగా ఆ జన్యురూపాలు ఉన్నాయి. మరి తేడా ఎక్కడ? పళ్ళెంలో. ఉత్తరాదివారు రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే, ఈశాన్యంవారు 37, దక్షిణాదివారు 25 గ్రాములు తింటున్నారు.

ఈ అంకెలు చూసి సంతోషించే ముందు ఒక్క క్షణం ఆగండి. జన్యువులు మన దగ్గరా ఉన్నాయి. మారుతున్నది పళ్ళెమే. ఉదయం ఉప్మా, సాయంత్రం బిస్కెట్టు, నూడుల్సు, రాత్రి షుగరు భయంతో చపాతీ - ఇది ఈనాటి తెలుగు ఇంటి దినచర్య. తెలంగాణ అంగన్‌వాడీల్లో పసిపిల్లలకు ఇచ్చే బాలామృతంలోనూ ప్రధానమైనది వేయించిన గోధుమే. అది మంచి ఆహారమే, నూటికి తొంభైతొమ్మిది మందికి పైగా పిల్లలకు. మిగిలిన ఆ ఒక్కరి సంగతి అంగన్‌వాడీ టీచరుకు తెలిసి ఉండాలన్నదే నా మాట.

అయిదు భాషలు, ఒక గోధుమ

ఇక ఖిదిర్‌పూర్. హుగ్లీ నది ఒడ్డున, 19వ శతాబ్దం చివర కట్టిన రేవుల చుట్టూ పెరిగిన పేట ఇది. ఆ పక్కనే గార్డెన్‌రీచ్‌లో ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఉంది. పూర్వం అది బెంగాల్ నాగపూర్ రైల్వేది. ఆ రైలుదారి వెంబడే ఉత్తరాంధ్రనుంచి ఎన్నో కుటుంబాలు ఖరగ్‌పూర్‌కూ, కోల్‌కతాకూ వలస వెళ్ళి స్థిరపడ్డాయి. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగును అధికార భాషల్లో చేర్చడానికి ఆమోదం తెలిపిందంటే ఆ జనసంఖ్య వల్లే. ఖిదిర్‌పూర్ సందుల్లో బెంగాలీ, ఉర్దూ, భోజ్‌పురి, ఒడియా, తెలుగు పక్కపక్కనే వినిపిస్తాయి. పండుగలూ అలాగే పక్కపక్కనే వస్తాయి.

ఇక్కడ ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రికి రేవులో పని. శ్రీకాకుళం వైపునుంచి తాత వచ్చాడు. ఇంట్లో నానమ్మ, అమ్మ, ఎనిమిదేళ్ళ పాప, అయిదేళ్ళ బాబు. పాపకు సీలియాక్ అని తేలింది. ఇంట్లో వండేది ఎలాగూ అన్నం, పప్పు, చేపల పులుసు. ఇడ్లీ, అట్టు, పెసరట్టు, జంతికలు, అరిసెలు ఏవీ గోధుమవి కావు. సగం యుద్ధం అప్పుడే గెలిచినట్లు. పంజాబులో ఇదే జబ్బు వచ్చిన ఇంటితో పోలిస్తే అదృష్టమే అనాలి. మిగతా సగం వీధిలో ఉంది.

మొదటి చిక్కు మాటల్లో వస్తుంది. అనువాదం వృత్తిగా ఉన్నవాణ్ణి కనుక ఇది నన్ను మరీ ఆకర్షిస్తుంది. గ్లూటెన్‌కు తెలుగులో వాడుక మాట లేదు. బెంగాలీలోనూ లేదు, ఉర్దూలోనూ లేదు. పోనీ 'ఇందులో గోధుమ ఉందా?' అని అడిగితే ఎదుటివారు నిజాయితీగానే లేదంటారు. ఎందుకంటే మన మనసులో గోధుమ వేరు, మైదా వేరు, బొంబాయి రవ్వ వేరు, సేమ్యా వేరు. అన్నీ ఒక్క గింజలోంచి వచ్చినవే అయినా వాటికి వేరువేరు పేర్లు, వేరువేరు డబ్బాలు. బెంగాలీలో ఆటా, మయ్‌దా, సుజి, సెమయ్ అంటారు. హిందీవారికి గోధుమ నూక దలియా. దీనికి తోడు తెలుగులో ఇంకో తిరకాసు: బొంబాయి రవ్వ గోధుమది, ఇడ్లీ రవ్వ బియ్యానిది. రెండూ రవ్వలే! కాబట్టి శాస్త్రీయ నామం పక్కన పెట్టి, వస్తువుల పేర్లతోనే అడగాలి. 'మైదా, ఆటా, సుజి, సేమ్యా, దలియా, బార్లీ - వీటిలో ఏదైనా వేశారా?' అన్న వాక్యాన్ని బెంగాలీలోనూ, హిందీలోనూ, ఉర్దూలోనూ ఒక అట్టముక్క మీద రాయించి పాప పుస్తకాల సంచిలో పెడితే, పది ఉపన్యాసాలకన్నా ఎక్కువ పనిచేస్తుంది.

ఆ జాబితాకు ఇంగువను తప్పక చేర్చండి. బజారులో దొరికే డబ్బా ఇంగువ అసలు ఇంగువ కాదు, కూటమి ఇంగువ. అసలు సరుకు ఘాటు భరించలేం కాబట్టి దాన్ని మైదాతోనో, గోధుమపిండితోనో, తుమ్మజిగురుతోనో కలిపి అమ్ముతారు. ఆ విషయం డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. పులిహోర చెయ్యడమంటే బియ్యం, చింతపండు, నూనె, పోపు అనుకుని పాపకు పెడతాం. గోధుమ పోపులోంచి వచ్చి చేరుతుంది. బియ్యప్పిండితో కలిపిన ఇంగువ కూడా దొరుకుతుంది. అడిగి కొనుక్కోవాలి.

'చిటికెడే కదా' అంటారు నానమ్మ. లెక్క వేసి చూద్దాం. ఒక చపాతీకి సుమారు 30 గ్రాముల పిండి పడుతుంది. అందులో గ్లూటెన్ దాదాపు రెండున్నర గ్రాములు. ఇటలీలో కటాసీ బృందం 2007లో ప్రచురించిన పరిశోధనలో, రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలపాటు ఇస్తే రోగుల ప్రేగు దెబ్బ తిన్నట్లు తేలింది. అంటే చపాతీలో యాభయ్యో వంతు. అది ఒక తుంపు కూడా కాదు. గ్లూటెన్ లేదని ముద్రించి అమ్మే ఆహారంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి ఉండకూడదని అంతర్జాతీయ ప్రమాణం, మన దేశపు ప్రమాణం కూడా. కిందపడిన చపాతీ ముక్కకూ, ఈ జబ్బుకూ సంబంధం ఇంత దగ్గరగా ఉంది.

ఏడాది పొడవునా పండుగలు

వీధిలో సత్యనారాయణ వ్రతం జరిగింది. ప్రసాదం రవ్వతో చేస్తారు. బెంగాలీవారు అదే పూజకు సిన్ని చేస్తారు: ఆటా, పాలు, అరటిపండు, బెల్లం కలిపిన పచ్చి ప్రసాదం. బెంగాల్లో సత్యనారాయణుడికీ, ముస్లింలు కూడా కొలిచే సత్యపీరుకూ చాలా దగ్గరి చుట్టరికం ఉంది. ఇద్దరికీ నైవేద్యం సిన్నియే. పాప చెయ్యి చాచకూడదు. ప్రసాదం వద్దనడం మన ఇళ్ళలో తేలికైన మాట కాదు. పెట్టినవారు నొచ్చుకుంటారు, నానమ్మ భయపడుతుంది, పాప తనలో ఏదో దోషం ఉందనుకుంటుంది.

దీనికి జవాబు వ్రతకథలోనే ఉంది. ప్రసాదానికి కావలసిన వస్తువులు చెప్పే చోట గోధుమపిండి, అది లేకపోతే వరిపిండి అని కథే స్పష్టంగా చెబుతుంది. పంచదార లేకపోతే బెల్లమూ సరేనంటుంది. పుస్తకం తెరిచి చూడండి. మనం ఏటా వింటూనే ఉన్నాం, ఆ మాట దగ్గర మాత్రం మన చెవి ఆగలేదు. వరి పండే దేశానికి ఈ వ్రతం వచ్చేసరికి ఆ వెసులుబాటు ఎంత అవసరమై ఉంటుందో ఆలోచించండి. ఇడ్లీ రవ్వను నేతిలో వేయించి, బొంబాయి రవ్వకన్నా నీళ్ళు కొంచెం ఎక్కువ పోసి వండితే ప్రసాదం తయారు. వ్రతభంగం ఏమీ లేదు.

ఇదే పద్ధతిలో మిగతా పండుగలనూ చూస్తూ పోతే ఒక ఆశ్చర్యకరమైన సంగతి బయటపడుతుంది. రంజాన్‌లో హలీం పాపకు పనికిరాదు, అందులో గోధుమ నూక, ఒక్కోసారి బార్లీ ఉంటాయి. ఈద్ నాటి సేమ్యా పాయసమూ అంతే. కానీ అదే ఇంటి ఫిర్నీ నూరిన బియ్యంతో చేసేది. బిర్యానీ సరేసరి. ఖిదిర్‌పూర్ పక్కనే ఉన్న మెటియాబ్రుజ్‌కు 1856లో అవధ్ నవాబు వాజిద్ అలీ షా వచ్చి స్థిరపడ్డాడు. బంగాళాదుంప వేసిన కోల్‌కతా బిర్యానీ ఆయన వంటవాళ్ళ చలవేనంటారు. ఛట్ పండుగకు బీహారు కుటుంబాలు తక్తా ఘాట్‌కూ, దోయీ ఘాట్‌కూ తీసుకువెళ్ళే బుట్టలో ఠేకువా గోధుమపిండిది. పక్కనే ఉండే పళ్ళు, చెరకు, బియ్యప్పిండి లడ్డూ నిరపాయం. జనవరి మధ్యలో బెంగాలీవారి పౌష్ సంక్రాంతి, మన సంక్రాంతి ఒకే రోజు. వారి పిఠెలు, మన అరిసెలు రెండూ కొత్త బియ్యంతో చేసేవే. పాటిసాప్టాలో మాత్రం మైదా, సుజి కలుపుతారు, అడగాలి. రసగుల్లాలోనూ కొందరు విరగకుండా కాస్త సుజి కలుపుతారు. సందేశ్, మిష్టి దోయీ మామూలుగా భయం లేనివి.

చర్చి సంగతి కొంచెం భిన్నం. రోమన్ కాథలిక్కుల నియమం ప్రకారం పవిత్ర అప్పం గోధుమదే అయి ఉండాలి, గ్లూటెన్ బొత్తిగా లేనిది చెల్లదు. ఈ సంగతిని వాటికన్ 2017లో మళ్ళీ గుర్తుచేసింది. అయితే గ్లూటెన్ చాలా తక్కువగా ఉన్న అప్పానికి అనుమతి ఉంది. అదీ పడనివారు ద్రాక్షరసం మాత్రమే స్వీకరించవచ్చు.

ఇలా ప్రతి సంప్రదాయంలోనూ గోధుమ వంట పక్కనే ఒక వరి వంట కూర్చుని ఉంది. కొత్తగా ఏదీ కనిపెట్టనక్కరలేదు. పెద్ద దుకాణాల్లో గ్లూటెన్ లేదని రంగురంగుల పెట్టెల్లో అమ్మే బిస్కెట్లకు మామూలు బిస్కెట్ల ధరకు ఎన్నో రెట్లు పోయాలి. రేవు కార్మికుడి ఇంటికి అవి అక్కరలేదు. గుప్పెడు మరమరాలు, అటుకులు, వేరుశనగలు ఆ పని చేస్తాయి. జబ్బు లేనివారు ఫ్యాషన్ కోసం గోధుమ మానడం వల్ల కలిగే ఆరోగ్య లాభం కూడా ఏమీ లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష దుర్గాపూజ. ఖిదిర్‌పూర్‌లో 25 పల్లి వంటి పేరున్న పూజలున్నాయి. అష్టమి భోగ్ అంటే వేలమందికి వండే ఖిచురీ: బియ్యం, వేయించిన పెసరపప్పు, అల్లం, జీలకర్ర, బిరియానీ ఆకు, నెయ్యి. దానితో లాబ్రా కూర, టొమాటో చట్నీ, పాయసం. ఈ భోజనమంతా దాదాపుగా గ్లూటెన్ లేనిదే! చెడగొట్టేవి రెండే: పోపులో పడే కూటమి ఇంగువ, లూచీలు వేయించిన నూనెలోనే బేగునీ వేయించడం. వంటవాళ్ళు ఇంగువ మానేసి, లూచీల మూకుడు, గరిటె వేరుగా పెడితే పాప అందరి వరసలో కూర్చుని అందరితో పాటు తింటుంది. పాపకోసం వేరే గిన్నె తేవడం కూడా ఒక పద్ధతే. కానీ ఒక బిడ్డకు ప్రత్యేకమైన పళ్ళెం పెట్టడం కంటే అందరి గుండిగనూ ఆ బిడ్డకు పనికివచ్చేలా చెయ్యడం మెరుగని నా అభిప్రాయం. దానికయ్యే ఖర్చు ఏమీ లేదు. కావలసిందల్లా వంట మొదలయ్యే ముందు ఎవరో ఒకరు చెప్పడం.

ఖాళీ గిన్నె

ఆ చెప్పడమే కష్టం. పక్కింటి మాసీ ప్రేమతో తెచ్చిన గిన్నెను ఎలా తిప్పి పంపుతాం? ఇక్కడ కృతజ్ఞత గురించి మనస్తత్వ శాస్త్రం చెప్పే రెండు మాటలు పనికివస్తాయి. అమెరికాలో ఎమ్మన్స్, మెకల్లో 2003లో ఒక ప్రయోగం ప్రచురించారు. వారం వారం తమకు కృతజ్ఞత కలిగించిన అయిదు సంగతులను రాసుకున్నవారు, చికాకులు రాసుకున్నవారికంటే తమ జీవితంతో ఎక్కువ తృప్తిగా ఉన్నట్లు చెప్పారు. తర్వాత జరిగిన అనేక ప్రయోగాలను కలిపి చూసినవారు లాభం ఉంది కానీ చిన్నదేనన్నారు. నోట్‌బుక్కులో థాంక్స్ రాసుకుంటే ప్రేగు బాగుపడదు. రెండో మాట ఇంకా ఆసక్తికరం. వాట్కిన్స్ బృందం 2006లో కృతజ్ఞత, రుణభారం రెండూ ఒకటి కావని చూపింది. సాయం చేసినవారు తిరిగి ఆశిస్తున్నారని తోచిన కొద్దీ మనలో రుణభారం పెరుగుతుంది, కృతజ్ఞత తరుగుతుంది.

ఎప్పుడూ మినహాయింపులు అడుగుతూ ఉండే కుటుంబానికి ఈ రుణభారం తప్పదు. అది ముదిరితే పిలుపులకు వెళ్ళడం మానేస్తారు. పాపను పుట్టినరోజులకు పంపరు. ప్రేగు బాగుపడుతుంది, బాల్యం చిక్కిపోతుంది. లేదా దీనికి పూర్తి వ్యతిరేకం జరుగుతుంది: మొహమాటపడి ఒక ముక్క, ఇంకో ముక్క పెడుతూ పోతారు. రెండూ ప్రమాదమే.

మన పెద్దలు దీనికి ఒక పద్ధతి పెట్టారు. పొరుగువారి గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. బెల్లం ముక్కయినా వేసి పంపాలి. 'థాంక్స్' అన్న మాట మన నోటికి అలవాటు లేకపోవడానికి, ఆ పని గిన్నె చేయడమే కారణం కావచ్చు. ఈ కుటుంబానికి ఆ అలవాటే మందు. మాసీ తెచ్చిన లూచీలు తండ్రి తింటాడు, కృతజ్ఞతగానే తింటాడు. ఆ గిన్నెలో అరిసెలో, జంతికలో, బూరెలో వెళతాయి. వాటితో పాటు 'ఇవి మా పాప కూడా తింటుంది' అన్న మాటా వెళుతుంది. వారానికో గిన్నె చొప్పున పాప ఏం తినగలదో వీధికి రుచి ద్వారా తెలుస్తుంది. భోగ్ వంటకు కూరలు తరిగేవారిలో అమ్మ కూడా కూర్చుంటే ఇంగువ సంగతి ఫిర్యాదులా కాకుండా వంట ముచ్చటలా వచ్చేస్తుంది. పుచ్చుకునే చోటునుంచి పెట్టే చోటుకు మారడంలో ఉన్న తేడా ఇది.

మర దగ్గర జాగ్రత్త

ఇంట్లో ఒక హెచ్చరిక. బియ్యప్పిండి గానీ, జొన్నపిండి గానీ వీధి పిండిమరలో ఆడించవద్దు. అంతకు ముందు ఆడిన గోధుమ ఆ రాళ్ళ మధ్యా, గొట్టంలోనూ మిగిలి ఉంటుంది. మొదటి దోసెడు పిండి పక్కన పారబోసినా చాలదు. అరిసెలకు బియ్యం నానబెట్టి, తడిపిండిని ఇంట్లోనే దంచుకునే పాత పద్ధతి ఈ పాపకు అక్షరాలా ఆరోగ్యకరం. మిక్సీలో పట్టినా సరే. చపాతీ పీట, కర్ర చెక్కవైతే పాపకు వేరుగా ఉంచండి. స్టీలు గిన్నెలు సబ్బుతో తోమితే చాలు. రేషన్‌లో వచ్చే ఆటా పాకెట్టును పొరుగువారికి ఇచ్చేయవచ్చు. ఇలా గోధుమ మానేసి అన్నమొక్కటే తింటే పీచు, ఐరన్ తగ్గుతాయి. రాగులు, సజ్జలు, పప్పులు, ఆకుకూరలు తప్పకుండా కలపాలి. బెంగాల్లో కొన్ని జిల్లాల భూగర్భజలంలో ఆర్సెనిక్ ఉంది, అది వరిలోకీ చేరుతుంది. ధాన్యాలు మార్చి మార్చి తినడానికి అదీ ఒక కారణం.

ఇదంతా చదివి, మీ ఇంట్లో చిక్కిపోతున్న బిడ్డ ఉంటే రేపటినుంచి గోధుమ మానిపించకండి! పరీక్షకు ముందు మానితే ప్రతిరక్షకాలు తగ్గిపోయి, పోగులు మొలకెత్తి, జబ్బు ఉన్నా లేనట్లు కనిపిస్తుంది. గోధుమ తింటుండగానే ట్రాన్స్‌గ్లుటమినేజ్ ప్రతిరక్షకాలకు రక్తపరీక్ష చేయించాలి. అవి కనబడితే ఎండోస్కోపీతో చిన్నప్రేగునుంచి చిన్న ముక్క తీసి చూస్తారు. ఖిదిర్‌పూర్ వారికి పి.జి. ఆసుపత్రి దూరం కాదు, అక్కడ జీర్ణకోశ వ్యాధులకు ప్రత్యేక విభాగమే ఉంది. మన జిల్లా కేంద్రాల్లోనూ పిల్లల వైద్యులు ఈ రక్తపరీక్ష రాయగలరు.

జబ్బు ఖాయమై గోధుమ మానిన పిల్లలు కొద్ది వారాల్లోనే ఆకలి తెలిసి తింటారు. బరువు ముందు పెరుగుతుంది, ఎత్తు తర్వాత అందుకుంటుంది. ఏడాదికోసారి రక్తపరీక్ష చేయిస్తే ప్రతిరక్షకాలు తగ్గుతున్నాయో లేదో తెలుస్తుంది. తగ్గకపోతే ఎక్కడో ఒక డబ్బాలోంచో, ఒక మూకుడులోంచో గోధుమ చేరుతోందన్నమాట, దాన్ని వెతకాలి. ఇంకొక పని మిగిలి ఉంది. రోగి తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో పది, పదిహేను మందికి ఒకరికి ఇదే వ్యాధి పైకి కనబడకుండా ఉంటుంది. పాప ఎంత ఆరోగ్యంగా తేరుకున్నా, లూచీలు ఇష్టంగా తింటున్న ఆ అయిదేళ్ళ తమ్ముడికీ, అమ్మకూ, నాన్నకూ ఒకసారి రక్తపరీక్ష చేయించవలసిందే.